తెలుపు మీద తెలుపు

ఎరుపు పోయిన రోజున ఎవరూ గమనించలేదు. పోయిందని తెలిసిన రోజు మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

ఆ ఉదయం నగరానికి మంచినీళ్ళు ఇచ్చే కార్యాలయంలో ఇంజనీరమ్మ ఒక బటను నొక్కింది. ఒకచోట పాత గొట్టం పగిలి, ఒక పేటకు వెళ్ళే నీళ్ళలో మురుగు కలిసింది. ఆ బటను నొక్కితే కార్యాలయం వెబ్‌సైట్‌లో అన్నిటికంటే పైన ఎర్రటి పట్టీ ఒకటి రావాలి. దాని మీద తెల్లటి అక్షరాలతో 'ఈ రోజు నీళ్ళు తాగవద్దు' అని ఉండాలి. పట్టీ వచ్చింది. అక్షరాలూ వచ్చాయి. ఎరుపే రాలేదు. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడకుండా అలాగే ఉండిపోయాయి. పేట జనం పొద్దున్నే సైటు తెరిచి, పైన ఏమీ లేదు కదా అని నిశ్చింతగా కుళాయి తిప్పుకున్నారు.

అక్షరాలు అక్కడే ఉన్నాయని కనిపెట్టింది అక్క. ఆ సైటు కట్టిన చిన్న సంస్థకు యజమాని ఆమె తమ్ముడు. ఆమె చాలాకాలం బడిలో పాఠాలు చెప్పింది. భర్త పోయాక తరగతి గదిలో నిలబడి మాట్లాడటం ఆమెకు చేతకాలేదు. తమ్ముడు పిలిస్తే వచ్చి, బయటికి వెళ్ళే ప్రతి పేజీలోనూ ప్రతి మాటా చదివి దిద్దే పనిలో కుదురుకుంది. ఆ మధ్యాహ్నం పేజీ పైన అంత ఖాళీ ఎందుకుందా అని అనుమానం వచ్చి, చిన్నపిల్లల చేత వాక్యం కింద వేలు పెట్టించి చదివించినట్టు, ఆ ఖాళీ మీద మౌస్ పట్టుకుని లాగింది. నీలపు నీడలో ఒక్కొక్క అక్షరమే బయటపడింది.

పేటలో కొందరు పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. అందరూ కోలుకుని ఇళ్ళకు వచ్చేశారు. అయినా ఇంజనీరమ్మ ఊరుకోలేదు. ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఇకమీదట సైటు దేని మీద కడతారు, ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు కావాలంది.

తమ్ముడి దగ్గర జవాబు తయారుగా ఉంది. అది గళ్ళాయన.

గళ్ళాయన అంటే ఆ సంస్థలో పేజీలకు రూపు దిద్దే మనిషి. ఏది చూసినా గళ్ళుగా విడగొట్టనిదే అతనికి తోచదు. భోజనం డబ్బా మూతలు కూడా బల్ల అంచుకు సమంగా పేర్చుకుంటాడు. అక్క భర్త బతికున్న రోజుల్లో పేజీల రంగూ రూపూ చెప్పే సీఎస్ఎస్ అంతా ఆయన ఒక్కడే, ఒకే ఫైల్లో, తన చేత్తో రాసేవాడు. ఆయన పోయాక ఆ ఫైలు ముట్టుకుంటే ఎక్కడ ఏం కూలుతుందో ఎవరికీ తెలియలేదు. అందుకని ఇంకొకరు రాసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఒకటి తెచ్చుకుందామన్నారు. మరదలు, అంటే తమ్ముడి భార్య, బటన్లూ పెట్టెలూ అన్నీ వండి వార్చినట్టు సిద్ధంగా ఉండే పెద్ద కిట్టు కావాలంది. గళ్ళాయన చిల్లర పేర్ల పద్ధతి కావాలన్నాడు. అందులో ఎర్రటి నేలకు, అంటే అక్షరాల వెనక పరుచుకునే రంగుకు, ఒక పేరు, తెల్లటి అక్షరానికి ఒక పేరు, వెడల్పాటి అంచుకు ఒక పేరు ఉంటాయి. మనకు కావలసినవి ఏరుకుని అతికించుకోవాలి. నెల్లాళ్ళు వాదించుకుని చివరికి గళ్ళాయన తన మాటే నెగ్గించుకున్నాడు. నెగ్గినందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

నిన్న సాయంత్రం అతను గుమ్మంలో నిలబడి ఒక మాట అని వెళ్ళిపోయాడు. "ఎవరేమన్నా అనుకోండి. నా మెషీన్లో ఆ పట్టీ ఇప్పటికీ ఎర్రగానే ఉంది."

ఆ మాట ఎవరూ నమ్మలేదు. అక్క కూడా నమ్మలేదు.

*

పొద్దున్నే వాన పట్టుకుంది. తమ్ముడు నీళ్ళ కార్యాలయానికి బయలుదేరుతూ గొడుగు విప్పబోయి ఆగాడు.

"నేను వచ్చేసరికి ఉత్తరం తయారుగా ఉండాలక్కా. ఎక్కువ రాయకు. తప్పు ఆ ఫ్రేమ్‌వర్క్‌ది, దాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టినవాడిది. వాణ్ణి పంపించేస్తున్నాం, ఇకనుంచి పెద్ద కిట్టు వాడతాం. అంతే."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? నువ్వు రాస్తే మర్యాదగా ఉంటుంది. నేను రాస్తే తిట్టినట్టుంటుంది."

"తిట్టే కదా అది."

"అందుకే నిన్ను రాయమంటున్నా."

అతను మెట్లు దిగిపోయాడు. కింద అద్దాల దుకాణంలో ఎవరో గాజు కోస్తున్నారు. ఆ కీచుమనే చప్పుడు కిటికీలోంచి పైకి వస్తోంది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి వాక్యం రాసింది. 'మా వద్ద పనిచేసే ఒక వ్యక్తి ఎంపిక చేసిన ఫ్రేమ్‌వర్క్‌లోని లోపం కారణంగా' అని రాసి, పిల్లల పేపరు చూసినట్టు దాన్ని ఇంకోసారి చూసింది. వాక్యంలో తప్పు లేదు. కానీ ఆ లోపమేమిటో తను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాయడం ఆమెకు అలవాటు లేదు.

అలాగని గళ్ళాయన మీద నమ్మకమూ లేదు. పట్టీ పోయిన రోజు నుంచీ అతను ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు. అడిగితే నీళ్ళు నమిలాడు. తప్పు చేసిన పిల్లవాడు ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. తప్పు చేయకపోయినా అందరూ తననే చూస్తున్నారని తెలిసిన పిల్లవాడు కూడా అచ్చం అలాగే ఉంటాడని కూడా తెలుసు. ఇతను ఆ ఇద్దరిలో ఎవరన్నదే తేలడం లేదు.

గళ్ళాయన తడిసిన సంచీ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. ల్యాప్‌టాప్ మెషీను తీసి బల్ల మీద ఆమె ఎదురుగా పెట్టి, పట్టీ బటను నొక్కాడు. పట్టీ వచ్చింది. పండిన మిరపకాయలా ఎర్రగా ఉంది.

"చూడండి టీచరుగారూ."

పక్క బల్ల దగ్గరున్న మరదలు తల ఎత్తింది. తయారైన పేజీలను తన మెషీను నుంచి సర్వరుకు ఎక్కించి లోకానికి చూపించేది ఆమే. "రాత్రి కూర్చుని దిద్దుకొచ్చి ఉంటావు," అంది.

"దిద్దేవాణ్ణయితే మీ మెషీన్లో దిద్దేవాణ్ణి కదమ్మా? నాదాంట్లో దిద్దుకుని ఏం చేసుకోను, పటం కట్టించుకోనా?"

"కట్టించుకో. కింద అద్దాల దుకాణమే ఉంది."

అతను నవ్వలేదు. మరదలూ నవ్వలేదు. అక్క ఆ ఎర్రటి పట్టీనే చూస్తూ అంది, "జవాబు సరిగ్గా ఉంది. ఎలా వచ్చిందో చెప్పండి."

"అదే నాకూ తెలీదు."

"తెలీదంటే నమ్మమంటారా? మీరు రాసిందే అక్కడ తెల్లగా ఉంది, మీరు రాసిందే ఇక్కడ ఎర్రగా ఉంది. పక్కవాడి పేపరు చూసి రాసినవాడు కూడా ఇలాగే చెబుతాడు. జవాబు తెలుసు, లెక్క మాత్రం తెలీదంటాడు."

గళ్ళాయన మొహం కందిపోయింది. "నేనెవరి పేపరూ చూడలేదండీ. ఈ ఆఫీసులో చూసి రాయడానికి ఇంకో పేపరు లేదు కూడా. సారు పోయాక."

ఆ 'సారు' ఎవరో చెప్పనక్కర్లేదు. మరదలు చప్పున వదిన మొహం చూసి, మళ్ళీ తల వంచుకుంది. ఆ చూపు అక్క గమనించింది. గమనించి పక్కన పెట్టుకుంది.

"సరే," అంది. "ఈ ఫ్రేమ్‌వర్క్ గుణం ఏమిటో నాకు చెప్పండి. కొత్తగా బళ్ళో చేరినదాన్ని అనుకుని చెప్పండి."

అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇది ఒట్టి పిసినారిదండీ. దీనికి వేలకొద్దీ రంగులూ కొలతలూ తెలుసు. అన్నీ పంపిస్తే పేజీ బరువెక్కుతుందని, అడిగినవే తయారుచేస్తుంది. మన ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నీ చదువుతుంది. ఎక్కడైనా ఒక రంగు పేరు పూర్తిగా రాసి ఉంటే ఆ రంగు తయారుచేసి పెడుతుంది. ఎక్కడా లేకపోతే ఆ రంగు పుట్టనే పుట్టదు."

"హాజరు పిలిచినప్పుడు పేరు వినపడ్డవాడే లేచి నిలబడతాడు. అంతేనా?"

"అంతేనండీ."

"సగం పేరు పిలిస్తే?"

"పలకదు."

"మరి ఆ పట్టీ దగ్గర మీరు ఎరుపుని ఏమని పిలిచారు?"

గళ్ళాయన మెషీను తనవైపు తిప్పుకుని, పట్టీ రాసిన చోటు తెరిచాడు. చాలాసేపు దాన్నే చూశాడు. కింద గాజు కోసే చప్పుడు ఆగి, ఒక ముక్క విరిగిన చిన్న శబ్దం వచ్చింది.

"మూడు రంగులుంటాయి కదండీ," అన్నాడు, గొంతు తగ్గించి. "మామూలు రోజుల్లో పట్టీయే ఉండదు. హెచ్చరిక ఎత్తేశాక నీళ్ళు బాగున్నాయని చెప్పడానికి పచ్చ. కాచుకు తాగమంటే పసుపు. అసలు తాగొద్దంటే ఎరుపు. ఏ రంగన్నది ఆఫీసు నుంచి వస్తుంది. అందుకని నేను 'నేల' అని రాసి, గీత పెట్టి వదిలేశాను. మిగతా సగం ఆ బటను నొక్కినప్పుడు వచ్చి అతుక్కుంటుంది."

"అంటే సగం పేరు."

"సగమేనండీ." అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "తెల్ల అక్షరాల పేరు మాత్రం పూర్తిగా రాశాను. అందుకే అవి వచ్చాయి, నేల రాలేదు. నాకిది తట్టనే లేదు. మొదట్నుంచీ నా దగ్గర పనిచేస్తూనే ఉంది, ఇంక అనుమానం ఎందుకు వస్తుంది?"

"అదే నేనూ అడుగుతున్నా. మీ మెషీన్లో ఎరుపుని పూర్తి పేరు పెట్టి పిలిచిందెవరు?"

అతనికి ఇప్పుడు అర్థమైంది. మరదలికి కూడా అర్థమైనట్టుంది. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, జల్లు కొడుతోందంటూ తలుపు మూసింది. జల్లు అటువైపు కొట్టడం లేదు.

*

అక్క రెండు మెషీన్లనూ పక్కపక్కన పెట్టించింది. మరదలిని గళ్ళాయన మెషీను ముందు, గళ్ళాయనను మరదలి మెషీను ముందు కూర్చోబెట్టింది. పరీక్షల రోజున పిల్లల్ని చోట్లు మార్చి కూర్చోబెట్టడం ఆమెకు అలవాటే. ఎవరి ఫైల్లో ఏముందో వాళ్ళే చెబితే నమ్మే పరిస్థితి కాదు.

"ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదవండి. ముందు నువ్వమ్మా. నువ్వు చదివింది తన దగ్గర ఉందో లేదో ఆయన చెబుతారు."

"ఇదంతా ఎందుకు వదినా? తప్పేమిటో తెలిసిపోయింది కదా. సగం పేరు రాశానని తనే ఒప్పుకున్నాడు. అది రాసెయ్యండి."

"తప్పు సగమే తెలిసింది. చదువు."

మరదలు చదవసాగింది. మొదటి పేజీ. ఉంది. బిల్లు కట్టే పేజీ. ఉంది. ఫిర్యాదుల పేజీ. ఉంది. ఆమె గొంతు ఒకచోట తడబడింది. ఒక పేరు దాటేసి కింది పేరు చదివింది. అక్క ఆమె భుజం వెనకే నిలబడి ఉంది.

"పైది చదవలేదు."

"అది పాతది వదినా. చెత్త."

"చెత్తైనా చదువు."

"నమూనా," అంది మరదలు. అంత మెల్లగా అందంటే గళ్ళాయనకు వినపడలేదు. అక్క పైకి చెప్పాల్సి వచ్చింది.

"నమూనా. ఉందా మీ దగ్గర?"

అతను వెతికాడు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. "లేదండీ. ఉండాలే? రంగులు చూసుకోవడానికి పెట్టుకున్న పేజీ అది. ఎవరికీ చూపించేది కాదు, మన కోసమే. ఇక్కడ ఎందుకు లేదు?"

అక్కకు కావలసిన ముక్కలన్నీ ఒకచోటికి వచ్చాయి. కిట్టు కావాలని మొదటి నుంచీ పట్టుబట్టిన మనిషి మరదలు. మాట నెగ్గనందుకు వారం రోజులు గళ్ళాయనతో మాట్లాడలేదు. సైటు ఎక్కించేది ఆమె మెషీను నుంచే. ఆ పేజీ లేనిది ఆమె మెషీన్లోనే. ఇప్పుడు పేరు చదవకుండా దాటేసిందీ ఆమే.

"తీసేసింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

మరదలు తెర మీదనుంచి చూపు తిప్పుకుంది.

"ఈ పద్ధతి నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇది చెడిపోతే కిట్టు వస్తుందని—"

"వదినా!" మరదలు కుర్చీలోంచి లేచింది. "అలా అనుకున్నారా నా గురించి?"

"అనుకున్నాను," అంది అక్క. "కాదని చెప్పు. సంతోషిస్తాను."

మరదలు చెయ్యి చాపి మెషీను మూత మూయబోయింది. అక్క ఆ చేతిని పట్టుకుని పక్కకు పెట్టింది. కోపంగా కాదు. పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీసింది.

"తెరవొద్దు వదినా. మీకు దణ్ణం పెడతా. తెరవొద్దు."

అక్క తెరిచింది.

*

పేజీ నిండా రంగు గడులు. ఒక్కో గడిలో ఒక్కో వాక్యం. రంగు ఎలా ఉందో చూడాలంటే అందులో ఏవో అక్షరాలుండాలి కదా. అందరూ అర్థం లేని అక్షరాలు నింపుతారు. ఇక్కడ అలా లేదు.

పచ్చ గడిలో ఇలా ఉంది: 'తాళంచెవి దొరికింది. నీ సంచీలొనే ఉంది.'

పసుపు గడిలో: 'గొడుగు పట్టుకెళ్ళు. నా మాట విను.'

బూడిద రంగు బటను మీద: 'ఇప్పుడు కాదు, పేపర్లు దిద్దుకుంటున్నా.'

ఎర్ర గడిలో, మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో: 'పాలు పొంగుతున్నాయి!' దాని కింద చిన్న అక్షరాలతో: 'వస్తున్నా, వస్తున్నా, ఒక్క నిమిషం.'

అక్క కూర్చుంది.

ఆ మాటలన్నీ ఆమెవే, ఆ చివరిది తప్ప. ఆ చివరిది ఆయనది. సెలవు రోజుల్లో ఆయన మెషీను తెచ్చుకుని వంటగది బల్ల దగ్గరే కూర్చునేవాడు. పాలు చూస్తూ ఉండమని చెప్పి ఆమె ముందుగదిలో పేపర్లు దిద్దుకునేది. ఆయన ఏనాడూ చూడలేదు. ఆమె అక్కణ్ణుంచి అరిచేది, ఆయన ఇక్కణ్ణుంచి వస్తున్నా అనేవాడు, వచ్చేసరికి పొయ్యి అంతా తెల్లగా ఉండేది. ఆ తెలుపు తుడుస్తూ ఆమె తిట్టేది. ఆయన ఆ తిట్లన్నీ తీసుకొచ్చి ఈ గడుల్లో పెట్టుకున్నాడన్నమాట.

ఆమె మొత్తం చదివింది. మాటలు దిద్దడానికి చదివినట్టే, పైనుంచి కిందిదాకా. 'సంచీలోనే' అన్నచోట ఒక గుణింతం తప్పింది. దిద్దలేదు.

"ఇది సారు పాత ఫైలుతో పాటు ఉన్న పేజీ అండీ," అన్నాడు గళ్ళాయన. "కొత్త పద్ధతికి మారినప్పుడు రంగులు పోల్చుకుందామని తెచ్చుకున్నాను. రంగుల పేర్లు మాత్రం కొత్తవి రాశాను. వాక్యాలు సరదాగా ఉన్నాయని ఉంచేశాను. ఎవరివో నాకు తెలీదు. తెలిస్తే..."

"నాకు తెలుసు," అంది మరదలు. "పాలు పొంగడం నేను ఎన్నిసార్లు వినలేదు? సైటు ఎక్కించే ముందు ఫోల్డరంతా మీరు చదువుతారు వదినా. ఒక్క పేజీ వదలరు. మీరు మామూలుగా అన్నం తిని, మామూలుగా నిద్రపోవడం మొదలెట్టి ఎన్నాళ్ళయిందని? ఏదో నీళ్ళ బిల్లులు చదువుకుంటూ చదువుకుంటూ ఉన్నట్టుండి అన్నయ్య మాట మీ ఎదురుగా రావడం నాకు... అందుకే తీసేశాను. ఎవరికీ చూపించని పేజీ కదా, తీస్తే ఏం కాదనుకున్నా."

అక్క తెర మీది ఎర్ర గడిని ఇంకోసారి చూసింది. తర్వాత గళ్ళాయన వైపు తిరిగింది. "ఆ పేజీకి ఒక కాపీ భద్రంగా పెట్టండి. పెట్టాక, మీ మెషీన్లోంచి దాన్ని తీసి, మళ్ళీ అంతా కట్టి, పట్టీ చూపించండి."

అతను చెప్పినట్టే చేశాడు. నొక్కాడు. పేజీ పైన తెల్లటి ఖాళీ వచ్చింది. అక్క మౌస్ పట్టుకుని లాగింది. 'ఈ రోజు నీళ్ళు తాగవద్దు.'

పాలు పొంగుతున్నాయని ఆయన రాసుకున్న ఆ ఒక్క గడిలోనే ఎరుపు పేరు పూర్తిగా ఉంది. అది ఉన్నన్నాళ్ళూ నగరం హెచ్చరికకు ఎరుపు ఉంది. అది పోగానే పోయింది.

"తప్పు నాదే రాయండి," అన్నాడు గళ్ళాయన. "సగం పేరు రాసింది నేను. సారు పేజీ నా తప్పుని ఇన్నాళ్ళూ మోసింది. అంతే."

"నాది రాయండి వదినా. తీసింది నేను. ఎవరినీ అడక్కుండా."

"నాదంటే నాదని ఇద్దరూ పోటీ పడకండి," అంది అక్క. "మొన్నటిదాకా ఇంకోలా పడ్డారు."

మరదలికి కన్నీళ్ళతోపాటు చిన్న నవ్వు కూడా వచ్చింది. పైటచెంగుతో తుడుచుకుంది.

"ఇంతకీ ఏది వాడదాం?" అంది అక్క. "మూడో ప్రశ్నకి కూడా జవాబు రాయాలి. కిట్టు అయితే ఇలా జరగదా?"

గళ్ళాయన తల అడ్డంగా ఊపాడు. "ఇలా జరగదు. దాంట్లో ఎరుపు ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. ఇంకోలా జరుగుతుంది. అందులో ఒక బటను మార్చబోతే ఇంకో పది మారతాయి. సారు ఫైలంటారా, ఆయన లేకుండా నేను దాన్ని తాకలేను. ఏది తెచ్చుకున్నా దాని గుణం తెలుసుకుని వాడాలండీ. నేను రంగులు బాగున్నాయా లేదా అనే చూశాను. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే ఎరుపుని, అది రావలసిన చోట, మనం ఎక్కించిన సైటులో నొక్కి చూడలేదు."

మరదలు తల ఊపింది. కిట్టు మాట ఎత్తలేదు.

"చూశాం కదా," అంది అక్క, ఉన్నట్టుండి. "సైటు అప్పగించే ముందు ఇంజనీరమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చూశాం. మూడు రంగులూ వచ్చాయి. నేనిక్కడే ఉన్నాను."

"అది నా మెషీన్లో కదండీ," అన్నాడు గళ్ళాయన. "సారే అడిగారు. ఇప్పుడున్న సారు, మీ తమ్ముడుగారు. నీ మెషీను ఇలా ఇవ్వు, మా ఆవిడది నెమ్మదిగా ఉంది అన్నారు."

"నాది నెమ్మదా?" అంది మరదలు. "కొని ఎన్నాళ్ళయిందని? ఈ ఆఫీసులో అన్నిటికంటే చురుకైంది నాదే."

అక్క ఆమె వైపు చూసింది. "ఆ పేజీ తీశావని ఎవరికైనా చెప్పావా?"

"మీ తమ్ముడికి చెప్పాను. ఇంజనీరమ్మ రావడానికి ముందు రోజే. అన్నయ్య మాటలున్న పేజీ తీసేశాను, వదినకి చెప్పకండి అన్నాను. మంచి పని చేశావన్నాడు. చెడిపోయిందేమైనా ఉందేమో చూస్తానని నా సీట్లో కూర్చుని, మళ్ళీ అంతా కట్టించి, పట్టీ నొక్కి చూశాడు కూడా."

"చూసి ఏమన్నాడు?"

"బాగానే ఉందన్నాడు."

ఆ మాట అన్నాక మరదలు తనే ఆగిపోయింది. ఇప్పుడే ఆ పేజీ లేకుండా పట్టీ ఎలా వస్తుందో ముగ్గురూ కళ్ళారా చూశారు. అది బాగానే ఉండటానికి వీల్లేదు.

తమ్ముడు సరిగ్గా చూడలేదేమో అనుకుంది అక్క. నొక్కింది పచ్చదేమో, పచ్చ కనపడకపోయినా నీళ్ళు బాగున్నట్టే కదా అని సరిపెట్టుకున్నాడేమో. చిన్నప్పుడు వాడు పలక తుడిచేసి లెక్క చేశానని చెప్పినప్పుడు కూడా ఆమె ఇలాగే వాడి తరఫున సాకులు వెతికేది. కానీ చూడనివాడైతే మర్నాడు వేరే మెషీను ఎందుకు అడిగాడు? లేని నెమ్మది ఎందుకు పుట్టించాడు? అప్పగింత ఆగిపోకూడదనా? తెలిసీ సైటు అప్పగించి ఉంటే, ఆ పేటలో పిల్లలు నీళ్ళు తాగిన పొద్దున వాడికి తెలుసు. ఇవాళ గుమ్మంలో నిలబడి, గళ్ళాయనను పంపించేస్తున్నామని రాయమన్నప్పుడూ తెలుసు.

గళ్ళాయన ఎవరి వైపూ చూడకుండా బల్ల మీది పెన్ను తీసి అంచుకు సమంగా పెట్టాడు. మరదలు గోడ వైపు తిరిగి నిలబడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. తడి గొడుగు గోడకు ఆనించిన చప్పుడు. తమ్ముడు లోపలికి వచ్చి ముగ్గురినీ చూశాడు. పక్కపక్కన తెరిచి ఉన్న రెండు మెషీన్లనూ చూశాడు. ఒక్క క్షణం ఆగి, తల తుడుచుకుంటూ అడిగాడు.

"రాశావా అక్కా?"

అక్క కాగితం తన వైపు తిప్పుకుంది. పొద్దున రాసిన వాక్యాన్ని ఒక గీత గీసి కొట్టేసింది. దాని కింద రాయవలసిన వాక్యం ఇంకా రాయలేదు. తమ్ముణ్ణి అడగవలసిన మాట ఇంకా అడగలేదు.